డిమాండ్ జోన్, సప్లై జోన్: షేర్ల ట్రేడింగుకు మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

చెన్నైలోని కోయంబేడు మార్కెట్లో మా బాబాయికి టమాటా మండీ ఉంది. మదనపల్లె నుంచి, కోలారు నుంచి బయలుదేరిన లారీలు అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బేరం ఊపందుకుంటుంది. షేర్ల ధర ఎందుకు కదులుతుందో నాకు మొదట అర్థమైంది ఏ చార్టు ముందూ కాదు, ఆ మండీలో గడిపిన మూడు తెల్లవారుజాముల్లో. అందుకే ఈ మార్గదర్శిని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మొదటి రోజు పెట్టె 400 రూపాయలు పలుకుతోంది. క్యాంటీన్లకు సరుకు వేసే ఒక కాంట్రాక్టరు వచ్చి 300 పెట్టెలు కావాలన్నాడు. ఆ వరుసలోని మండీలన్నీ కలిపి 400కు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవి 180 పెట్టెలే. అతను వాటిని ఎత్తగానే తక్కినవాళ్ళు ధర పెంచారు, చూస్తుండగానే పెట్టె 450కి చేరింది. అంత పెట్టడం ఇష్టంలేక అతను ఆగిపోయాడు. మరునాడు ధర మళ్ళీ 400కు దిగీదిగగానే మొదట వచ్చి నిలబడింది అతనే. మిగిలిన 120 పెట్టెలు తీసుకున్నాడు, ధర తిరిగి పైకి లేచింది. మూడో రోజు కూడా పెట్టె 400కు దిగింది. ఆ రోజు అతను రాలేదు, ఎందుకంటే అతని అవసరం తీరిపోయింది. ధర 360 దాకా జారింది. "ధర చూసి మురిసిపోకు నాయనా, అడిగేవాడికి ఇంకా ఎన్ని పెట్టెలు బాకీ ఉందో చూడు" అన్నాడు బాబాయి, రసీదు పుస్తకం మూస్తూ.

షేర్ల మార్కెట్లో డిమాండ్ జోన్ అంటే ఆ 400 రూపాయల చోటు. పెద్ద మొత్తంలో కొనదలచినవారికి కావలసినంత సరుకు దొరక్కముందే ధర పైకి వెళ్ళిపోయిన ఇరుకైన పరిధిని డిమాండ్ జోన్ అంటారు. ధర అక్కడికి తిరిగి వస్తే, కొనుగోలు పూర్తికానివారు మళ్ళీ ముందుకు వస్తారని మన అంచనా. సప్లై జోన్ దీనికి సరిగ్గా తలకిందులు: అమ్మదలచిన సరుకంతా అమ్ముడు పోకముందే ధర కిందికి పడిపోయిన చోటు. 2023 జూలై చివర మదనపల్లెలోనే కిలో 200 రూపాయల దరిదాపులకు చేరిన టమాటా, కొత్త పంట రావడం మొదలుకాగానే కొద్ది వారాల్లో ఎంత వేగంగా పడిపోయిందో గుర్తున్నవారికి ఈ రెండో మాటను వేరే వివరించనక్కరలేదు. గిరాకీ, సరఫరాల మధ్య పోటీగా ధరను చదవాలన్న ఆలోచనా కొత్తది కాదు. అమెరికాకు చెందిన రిచర్డ్ వైకాఫ్ (1873–1934) నూరేళ్ళ కిందటే ధరనూ, చేతులు మారిన షేర్ల పరిమాణాన్నీ కలిపి చదివే పద్ధతిని బోధించాడు.

అయితే ఒక విషయం ముందే స్పష్టంగా చెప్పాలి. మిగిలిపోయిన ఆర్డర్లు మనకు కనబడవు. మన యాప్‌లోని మార్కెట్ డెప్త్ సాధారణంగా అయిదు కొనుగోలు ధరలనూ అయిదు అమ్మకపు ధరలనూ మాత్రమే చూపిస్తుంది. పెద్ద సంస్థలు తమ ఆర్డరును వందల ముక్కలుగా చేసి, రోజుల తరబడి పంపుతాయి. కాబట్టి చార్టు మీద మనం గీసే జోన్ ఒక అనుమానమే తప్ప సాక్ష్యం కాదు. ఈ పద్ధతిలోని జాగ్రత్తలన్నీ ఆ ఒక్క కారణం నుంచే పుట్టాయి.

మొదటి మెట్టు: ఏ షేర్లలో చేయాలి

యాభై పెద్ద కంపెనీల సూచీ అయిన నిఫ్టీ 50లోని కంపెనీల నుంచి పదిహేనో ఇరవయ్యో ఎంచుకుని వాటితోనే మొదలుపెట్టండి. రోజూ కోట్ల రూపాయల లావాదేవీలు జరిగే షేరులోనే కొనేవారి, అమ్మేవారి ఆనవాళ్ళు చార్టు మీద నిజంగా పడతాయి. కొద్దిమంది చేతుల్లో ఉండే చిన్న షేరులో ఒక్క మనిషి ఆర్డరే జోన్ లాంటి ఆకారాన్ని సృష్టించగలదు. పైగా అలాంటి షేర్లకు రోజుకు 5 శాతమో 10 శాతమో సర్క్యూట్ పరిమితి (ధర అంతకుమించి కదలకూడదన్న హద్దు) ఉంటుంది. ధర కింది సర్క్యూట్‌లో ఇరుక్కుంటే కొనేవాడే ఉండడు, నష్టం పెరగకుండా ముందే పెట్టుకున్న అమ్మకపు ఆర్డరు, అంటే మన స్టాప్‌లాస్ అలాగే ఉండిపోతుంది. ఎక్స్చేంజీ నిఘా జాబితాల్లో ఉన్న షేర్ల జోలికి అసలే వెళ్ళవద్దు.

షేర్ల రాబోయే ధరల మీద చేసే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ పద్ధతిని నేర్చుకునే దశలో వాటిని ముట్టుకోకండి. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ళలో ఆ విభాగంలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే మిగిలిందని 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తన అధ్యయనంలో తేల్చింది. అసలు షేర్లే చేతులు మారే నగదు విభాగంలో కూడా ఏ రోజుకారోజు కొని అమ్మేవారిలో 2022–23లో ప్రతి 10 మందిలో 7 మంది నష్టపోయారని అంతకు రెండు నెలల ముందే వెల్లడించింది. నేనిక్కడ వివరించేది డెలివరీ తీసుకుని, అంటే షేర్లను మన ఖాతాలోకి తెచ్చుకుని, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు షేరును ఉంచుకునే పద్ధతి. ఉద్యోగం చేసుకుంటూ, రోజుకు అరగంట కేటాయించగలిగినవారికి ఇదే సరిపోతుంది.

రెండో మెట్టు: ఏ చార్టు, ఎంత కాలానిది

వారపు చార్టును ముందు తెరవండి. అందులో చూడవలసింది ఒక్కటే: గత ఏడాదిన్నరలో ధర మొత్తం మీద ఎక్కుతోందా, దిగుతోందా, ఒక పరిధిలో ఊగుతోందా? ఎక్కుతున్న షేరులో డిమాండ్ జోన్లు నిలబడే అవకాశం ఎక్కువ, దిగుతున్న షేరులో అవి ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి. ఈ ఒక్క వడపోతను పాటించకపోవడం వల్లే కొత్తవారిలో చాలామంది "జోన్లు పనిచేయవు" అనే నిర్ణయానికి వస్తారని నా నమ్మకం.

జోన్‌ను రోజువారీ చార్టు మీద గీయండి. ఎంట్రీని, అంటే కొనే చోటును, ఇంకొంచెం సూక్ష్మంగా చూడాలనుకునేవారు 75 నిమిషాల చార్టు వాడవచ్చు. మన మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. 60 నిమిషాల చార్టులో రోజు చివర 15 నిమిషాల తుంట క్యాండిల్ (ఒక వ్యవధిలోని ధర కదలికను చూపే కడ్డీ) మిగిలిపోతుంది, దాన్ని మిగతావాటితో పోల్చలేం. 75 నిమిషాలైతే రోజుకు సరిగ్గా అయిదు సమానమైన క్యాండిళ్ళు వస్తాయి.

చార్టు బోనస్‌లకూ స్ప్లిట్‌లకూ (ఒక షేరును కొన్నిటిగా విడగొట్టడం) సర్దుబాటు అయి ఉందో లేదో చూసుకోండి. సర్దుబాటు లేని చార్టులో 1:1 బోనస్ (ఒక షేరుకు ఇంకొకటి ఉచితంగా) ఇచ్చిన రోజున ధర సగానికి సగం పడినట్టు కనబడుతుంది, అక్కడ లేని సప్లై జోన్‌ను గీసేస్తాం.

మూడో మెట్టు: జోన్‌ను గీయడం

ఇక్కడ కొంచెం నిదానించాలి. చాలామంది ముందుగా కింది మూలమలుపులను వెతుకుతారు. నేను దానికి విరుద్ధంగా, ముందు వేగాన్ని వెతకమంటాను. రోజువారీ చార్టును కుడివైపు నుంచి ఎడమవైపుకు, అంటే ఇవాళ్టి నుంచి వెనక్కి చదువుతూ వెళ్ళండి. పొడవైన ఒళ్ళున్న (ఒళ్ళు అంటే మొదలైన ధరకూ ముగిసిన ధరకూ మధ్య మందపాటి భాగం) ఆకుపచ్చ, అంటే ధర పెరిగిన, క్యాండిళ్ళు ఒకటో రెండో మూడో వరుసగా పైకి దూసుకెళ్ళిన చోటు కనబడగానే ఆగండి. ఆ పరుగు ఎక్కడ మొదలైంది? దాదాపు ఎప్పుడూ అక్కడ రెండు నుంచి ఆరు దాకా చిన్న క్యాండిళ్ళ గుంపు ఒకటి ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. కొనేవారు, అమ్మేవారు కొద్ది రోజులు సమానంగా తూగి, ఆ తర్వాత ఒక పక్షం మొగ్గిన చోటు అది.

ధర కిందికి పడి, బేస్ వేసి, పైకి లేస్తే దాన్ని డ్రాప్–బేస్–ర్యాలీ అంటారు. పైకి వెళుతూ మధ్యలో బేస్ వేసి, మళ్ళీ పైకి వెళితే ర్యాలీ–బేస్–ర్యాలీ. రెండూ డిమాండ్ జోన్లే. వీటికి అద్దంలో బింబాల్లాంటివి సప్లై జోన్లు: ర్యాలీ–బేస్–డ్రాప్, డ్రాప్–బేస్–డ్రాప్.

గీసే పద్ధతి ఇది. డిమాండ్ జోన్ పై గీతను బేస్‌లోని క్యాండిళ్ళ ఒళ్ళలో అన్నిటికంటే ఎత్తైనదాని మీద పెట్టండి. కింది గీతను బేస్‌లోనూ పరుగు మొదలైన క్యాండిల్‌లోనూ ఉన్న తోకల్లో (ఒళ్ళు దాటి పైకో కిందికో సాగిన సన్న గీతలు) అన్నిటికంటే దిగువకు వెళ్ళినదాని కొస మీద పెట్టండి. పైన ఒళ్ళు, కింద తోక అని గుర్తుపెట్టుకుంటే చాలు. ధర జోన్‌లోకి ప్రవేశించేది పై గీత దగ్గర కాబట్టి అది ఒళ్ళకు దగ్గరగా ఉండాలి, లేకపోతే మరీ పైనే కొనేస్తాం. జోన్ తెగిపోయిందని చెప్పేది కింది గీత కాబట్టి అది తోకను కూడా కలుపుకోవాలి, లేకపోతే చిన్న కుదుపుకే బయటపడిపోతాం.

ఊహాజనితమైన ఒక షేరును తీసుకుని గీద్దాం. దాని ధర 560 నుంచి 500 దాకా పడింది. అయిదు రోజులు ఆ చుట్టుపక్కలే తచ్చాడింది: ఆ క్యాండిళ్ళ ఒళ్ళలో ఎత్తైనది 503 దగ్గర ముగిసింది, తోకల్లో ఒకటి 494ను తాకింది. ఆరో రోజున 522 దగ్గర ముగిసింది, ఆ రోజు చేతులు మారిన షేర్లు అంతకుముందు ఇరవై రోజుల సగటుకు రెండున్నర రెట్లు. మరో మూడు రోజుల్లో ధర 548 దాకా వెళ్ళి, 543–549 మధ్య నాలుగు రోజులు ఊగి, అక్కడి నుంచి బలంగా కిందికి మళ్ళింది. మన డిమాండ్ జోన్ 494–503. పైనున్న సప్లై జోన్ 543–549. ఈ రెండు దీర్ఘచతురస్రాలనూ గీసి, చార్టు మూసి, ధర 510కి వచ్చినప్పుడు హెచ్చరిక మోగేలా అలర్ట్ పెట్టుకోండి. అలర్ట్ మోగేదాకా చేయవలసిన పని ఏమీ లేదు. అది వారం కావచ్చు, మూడు నెలలు కావచ్చు, ధర అసలు తిరిగి రాకపోవచ్చు.

నాలుగో మెట్టు: జోన్ బలాన్ని తూచడం

గీసిన ప్రతి జోనూ కొనదగినది కాదు. నేను చూసేవి నాలుగు, అయితే నాలుగింటికీ సమానమైన బరువు ఇవ్వను.

అన్నిటికంటే ముఖ్యమైనది తాజాదనం. ధర ఆ జోన్‌ను వదిలి వెళ్ళాక మొదటిసారి తిరిగి వస్తోందా, లేక ఇంతకుముందే వచ్చి వెళ్ళిందా? కోయంబేడు కాంట్రాక్టరు రెండో రోజున వచ్చాడు, మూడో రోజున రాలేదు. ధర జోన్‌లోకి వచ్చిన ప్రతిసారీ అక్కడ మిగిలిన కొనుగోళ్ళలో కొంత ఖర్చవుతుంది. సపోర్ట్ గీతల (ధర పడకుండా ఆగే మట్టాల) గురించి చెప్పేవారు "ఎన్నిసార్లు తాకి లేస్తే అంత గట్టిది" అంటారు. ఈ పద్ధతిలో ఆలోచించేవారు దానికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తారు. నేను మొదటి రాకకే కొంటాను, రెండో రాకకు సగం పరిమాణంతో కొంటాను, మూడోసారి ముట్టుకోను.

రెండోది, ధర జోన్‌ను వదిలిన తీరు. గ్యాప్‌తో (ముందురోజు ధరకు దూరంగా తెరుచుకుని) వదిలిందా, పెద్ద క్యాండిల్‌తో వదిలిందా, నత్తనడకన వదిలిందా? నా కొలత ఇది: వదిలిన మొదటి మూడు రోజుల్లో ధర జోన్ వెడల్పుకు కనీసం మూడు రెట్ల దూరం వెళ్ళి ఉండాలి. పై ఉదాహరణలో జోన్ వెడల్పు 9 రూపాయలు. ధర 503 నుంచి మూడు రోజుల్లో 530 దాటి ఉంటే అది బలమైన నిష్క్రమణ. పరిమాణం కూడా పెరిగి ఉంటే నమ్మకం ఇంకొంచెం గట్టిపడుతుంది. అయితే ఆ రోజున సూచీలో చేర్పు వంటి ప్రత్యేక కారణం ఏదైనా ఉందేమో చూడాలి. అలాంటి రోజుల్లో ఫండ్లు కొనేది సూచీని అనుసరించక తప్పదు కనుక, మరునాడు వాటికి ఆ షేరుతో పని ఉండదు.

మూడోది బేస్‌లో గడిచిన సమయం. రెండు నుంచి ఆరు క్యాండిళ్ళు మంచివి. పదిహేను, ఇరవై రోజులు అక్కడే తిరిగితే, కొనదలచినవారికి కావలసినంత సరుకు తీరిగ్గా దొరికే ఉంటుంది. నాలుగోది తిరిగి వచ్చే తీరు, దీనికి నేను తక్కువ బరువిస్తాను. చెడ్డ వార్తతో, పెద్ద ఎర్ర క్యాండిళ్ళతో జోన్ మీదికి పడిపోతున్న ధరకు ఎదురు వెళ్ళవద్దన్నంత వరకే దాన్ని వాడుకుంటాను.

ఇక ఒక తేదీ చూసుకోవాలి. లిస్టయిన కంపెనీలు త్రైమాసిక ఫలితాలను త్రైమాసికం ముగిసిన 45 రోజుల లోపల, ఏడాది ఫలితాలను 60 రోజుల లోపల ప్రకటించాలి. బోర్డు సమావేశం తేదీ ఎక్స్చేంజీ వెబ్‌సైట్లో ముందే కనబడుతుంది. ఫలితాలు మూడు నాలుగు రోజుల్లో ఉన్నాయంటే జోన్ ఎంత చక్కగా ఉన్నా వదిలేయండి. ఆ రాత్రి వెలువడే అంకెల ముందు పాత ఆర్డర్లకు విలువ లేదు, వాటిని పెట్టినవారే ఉపసంహరించుకుంటారు.

అయిదో మెట్టు: ఎన్ని షేర్లు కొనాలి

ఈ మెట్టును దాటవేసినవారికి పై నాలుగు మెట్లూ దండగ. ఎన్ని షేర్లు కొనాలో చేతిలో ఉన్న డబ్బు నిర్ణయించకూడదు, స్టాప్‌లాస్ ఎంత దూరంలో ఉందో అది నిర్ణయించాలి.

అదే షేరును కొనసాగిద్దాం. మీ ట్రేడింగ్ మూలధనం 3,00,000 రూపాయలు అనుకోండి. ఒక్క ట్రేడులో ఒక్క శాతానికి మించి, అంటే 3,000కు మించి పోగొట్టుకోకూడదని నియమం పెట్టుకున్నారు. ధర 503.50కి వచ్చినప్పుడు కొంటారు. జోన్ అడుగు 494. స్టాప్‌లాస్‌ను సరిగ్గా అక్కడే పెడితే చిన్న తోకకే పోతుంది కాబట్టి మూడు రూపాయలు వదిలి 491 దగ్గర పెడతారు. ఒక్కో షేరు మీద పోగొట్టుకోగలిగేది 12.50 రూపాయలు. 3,000ను 12.50తో భాగిస్తే 240 షేర్లు. వాటికి 1,20,840 రూపాయలు కావాలి. ఖాతాలో ఇంకా 1,79,160 మిగిలి ఉంది కదా అని దాన్నీ ఇందులోనే పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

టార్గెట్‌ను, అంటే లాభానికి అమ్మే ధరను, ఎదుటి సప్లై జోన్‌కు కాస్త ముందే, 541 దగ్గర పెట్టుకుంటాం. షేరుకు లాభం 37.50, అంటే రిస్కుకు మూడు రెట్లు. అయితే ఈ లెక్కలో ఖర్చులు లేవు. డెలివరీలో కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) కట్టాలి: కొనుగోలు మీద 120.84, 541 దగ్గర అమ్మితే 129.84. కొన్నప్పుడు 0.015 శాతం స్టాంపు సుంకం, అంటే 18.13. ఈ మూడే దాదాపు 269 రూపాయలు. బ్రోకరేజీ, ఎక్స్చేంజీ రుసుము, జీఎస్‌టీ, అమ్మిన రోజు డీపీ (మన షేర్ల ఖాతా ఉండే సంస్థ) చార్జీ వీటికి అదనం. ఈ మూడింటినే షేరుకు సర్దినా 1.12 రూపాయలు. అప్పుడు లాభం 36.38కి తగ్గుతుంది, నష్టం 13.60 దాకా పెరుగుతుంది, నిష్పత్తి మూడు నుంచి 2.7కు దిగుతుంది. ఏడాది లోపు అమ్మితే నికర లాభం మీద స్వల్పకాలిక మూలధన లాభాల పన్ను కూడా ఉంటుంది. 2024 జూలై 23 నుంచి అది 20 శాతం.

2.7 నిష్పత్తి ఉన్నప్పుడు పది ట్రేడుల్లో మూడు గెలిచినా నష్టం రాదు. ఒక ట్రేడులోని రిస్కును ఒక యూనిట్ అనుకుంటే, మూడు గెలుపుల నుంచి 8.1 యూనిట్లు వస్తాయి, ఏడు ఓటములకు 7 పోతాయి. నిష్పత్తి 1.2 మాత్రమే ఉంటే పదిలో అయిదు గెలిచి తీరాలి. అందుకే ఎదుటి జోన్ మరీ దగ్గరగా ఉండి, ఖర్చులు పోను రెండు రెట్ల లాభం కనబడని చోట నేను ఆర్డరే పెట్టను.

ఆరో మెట్టు: ఆర్డరు పెట్టడం

503.50 దగ్గర లిమిట్ ఆర్డరు (ఆ ధరకో, అంతకంటే మేలైన ధరకో మాత్రమే జరిగేది) పెట్టి వదిలేయడం ఒక పద్ధతి. ధర జోన్‌లోకి దిగి, రోజు చివర జోన్ పైన ముగిసిందని చూసుకుని మరునాడు కొనడం ఇంకో పద్ధతి. మొదటిదానిలో ధర బాగుంటుంది, రెండోదానిలో నమ్మకం బాగుంటుంది. కొత్తవారు రెండోదాన్నే పాటించాలని నేను గట్టిగా చెబుతాను. ఎంట్రీ ధర రెండు మూడు రూపాయలు పెరిగితే షేర్ల సంఖ్యను ఆ మేరకు తిరిగి లెక్కించాలి, నిష్పత్తినీ మళ్ళీ చూడాలి. ఏ పద్ధతైనా ఉదయం 9:15 నుంచి మొదటి పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడం మేలు. రాత్రంతా పోగైన ఆర్డర్లు అప్పుడే ఒక్కసారిగా తీరతాయి.

స్టాప్‌లాస్ దగ్గర మూడు సంగతులు తెలిసి ఉండాలి. మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజుకే చెల్లుతుంది. రోజుల తరబడి నిలవాలంటే బ్రోకర్లు జీటీటీ అనే సౌకర్యం ఇస్తారు. కానీ అది ఎక్స్చేంజీ దగ్గర కాక బ్రోకరు సర్వర్లో ఉంటుంది. ధర మీరు చెప్పిన స్థాయిని తాకినప్పుడే అసలు ఆర్డరు ఎక్స్చేంజీకి వెళుతుంది. రెండో సంగతి: 491 ట్రిగ్గరుకు (ఆర్డరును కదిలించే ధరకు) 491నే లిమిట్‌గా పెడితే, ధర వేగంగా జారినప్పుడు ఆర్డరు పూర్తికాకుండా పైనే ఉండిపోతుంది. లిమిట్‌ను 486, 487 దాకా దించి పెట్టండి. గ్యాప్‌తో 480 దగ్గర తెరుచుకుంటే అదీ చాలదు. అప్పుడు మార్కెట్ ధరకు చేతితో అమ్మవలసిందే, రిస్కు అనుకున్న 3,000 ఆ రోజు 5,600 దాటుతుంది. ఒక్క ట్రేడుకు ఒక్క శాతమే అన్న నియమం ఇలాంటి రోజును తట్టుకోవడానికే.

మూడో సంగతిని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. డీమ్యాట్‌లో ఉన్న షేరును అమ్మాలంటే దాన్ని తీసుకోవడానికి బ్రోకరుకు మన అనుమతి ఉండాలి. ఒకసారి సంతకం చేసి ఇచ్చే డీడీపీఐ అయినా ఉండాలి, లేదంటే అమ్మే రోజున టీపిన్‌తో, ఓటీపీతో అనుమతి ఇవ్వాలి. నేను డీడీపీఐ ఇవ్వలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో సమావేశంలో ఉండగా నా జీటీటీ ట్రిగ్గర్ అయింది, ఆర్డరు తిరస్కరణకు గురైంది. ఫోను చూసుకునేసరికి నాలుగు దాటింది. మరునాడు ఉదయం ధర ఇంకో ఆరు శాతం కింద తెరుచుకుంది. ఆ ట్రేడులో నా నష్టం అనుకున్నదానికి మూడు రెట్లయింది. జీటీటీ మీద ఆధారపడేవారు ముందుగా ఆ కాగితం పని పూర్తిచేసుకోండి.

ఏడో మెట్టు: కొన్న తర్వాత

కొన్నాక స్టాప్‌లాస్‌ను కిందికి జరపకూడదు. జోన్ అడుగు తెగి రోజు ముగిసిందంటే, అక్కడ కొంటారని మనం అనుకున్నవారు లేరని అర్థం. మన కారణమే పోయాక షేరు చేతిలో ఉండటానికి ఇంకో కారణం వెతుక్కోకూడదు. "మంచి కంపెనీయే కదా, ఉంచుకుందాం" అనే మాట ఆ క్షణంలో ఎంతో సబబుగా వినిపిస్తుంది. కంపెనీ మంచిదే కావచ్చు. కానీ దీర్ఘకాలానికి కొనదలచుకుంటే ఆ లెక్క వేరు, ఆ పరిశీలన వేరు, దానికి వేరే డబ్బు పెట్టాలి.

ధర మన వైపు రిస్కుకు రెండు రెట్లు, అంటే 528.50 దాకా వెళితే నేను సగం అమ్మేసి, మిగిలిన సగానికి స్టాప్‌లాస్‌ను కొన్న ధరకు తెస్తాను. దీనివల్ల పెద్ద లాభాలు కొంత తగ్గుతాయన్నది నిజం. అయితే మిగిలిన సగాన్ని టార్గెట్ దాకా ఓపికగా ఉంచుకోగలిగే మనఃస్థిమితం దీనివల్లే నాకు దొరికింది. ఇది ఎవరి స్వభావాన్ని బట్టి వారు తేల్చుకోవలసిన విషయం.

తెగిపోయిన డిమాండ్ జోన్‌ను చార్టు మీంచి చెరిపేయకండి. అక్కడ కొని ఇరుక్కుపోయినవారు ధర మళ్ళీ అక్కడికి వచ్చినప్పుడు అసలు దక్కితే చాలని అమ్ముతారు. కాబట్టి అది తరచు సప్లై జోన్‌గా మారుతుంది. ఆ దీర్ఘచతురస్రానికి రంగు మార్చి ఉంచితే, తర్వాతి ట్రేడుకు అదే టార్గెట్ అవుతుంది.

సప్లై జోన్‌ను ఎంతవరకు వాడుకోవాలి

సూత్రం ప్రకారం సప్లై జోన్ దగ్గర ముందు అమ్మి, తర్వాత తక్కువకు కొనవచ్చు. మన నగదు విభాగంలో చేతిలో లేని షేరును అమ్మితే ఆ రోజే తిరిగి కొనేయాలి. కొనలేకపోతే ఇవ్వవలసిన షేర్లు లేక వ్యవహారం ఎక్స్చేంజీ వేలానికి వెళుతుంది, ఆ ధర, జరిమానా మనకే పడతాయి. షేరు పై సర్క్యూట్‌లో ఇరుక్కుంటే కొందామన్నా అమ్మేవాడు దొరకడు. రోజువారీ చార్టులోని జోన్ పండటానికి రోజులు పట్టే పని కనుక ఒక్క రోజులో ముగించవలసిన అమ్మకానికి అది సరిపడదు. అందుకని డెలివరీ చేసేవారికి సప్లై జోన్ రెండు పనులకే: ఉన్నదాన్ని అమ్ముకోవడానికి, కొత్తగా కొనకుండా ఆగడానికి. ఒక షేరు బాగా పెరిగి సప్లై జోన్‌కు రెండు శాతం దూరంలో ఉన్నప్పుడే వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో దాని పేరు ఎక్కువగా మోగుతుంది. అలా వచ్చిన సలహాను చార్టు తెరిచి చూడకుండా అనుసరించవద్దు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవారెవరైనా సెబీ వద్ద నమోదై ఉండాలి, ఆ జాబితా సెబీ వెబ్‌సైట్లో ఎవరైనా చూడవచ్చు.

నోటు పుస్తకం

మొదటి మూడు నెలలు డబ్బు పెట్టకుండా చేయండి. ఆదివారం సాయంత్రం ఇరవై షేర్ల వారపు, రోజువారీ చార్టులు తెరిచి, తాజా జోన్లు గీసి, అలర్టులు పెట్టడానికి గంటన్నర పడుతుంది. మా విల్లివాక్కం ఇంట్లో నేను దీనికి మామూలు రూళ్ళ నోటు పుస్తకమే వాడతాను. ఒక్కో ట్రేడుకు ఒక వరుస: షేరు పేరు, జోన్ పై గీత, కింది గీత, ఇది ఎన్నో రాక, వదిలిన వేగం జోన్ వెడల్పుకు ఎన్ని రెట్లు, ఎంట్రీ, స్టాప్‌లాస్, టార్గెట్, షేర్ల సంఖ్య, వచ్చిన ఫలితం రిస్కుకు ఎన్ని రెట్లు. చివరి గడిలో, నియమం ఏదైనా తప్పానా అన్న ప్రశ్నకు అవునో కాదో రాస్తాను.

ముప్పై వరుసలు నిండాక, "ఎన్నో రాక" అన్న గడిని బట్టి వాటిని విడదీసి, మొదటి రాకకు కొన్నవాటి మొత్తాన్నీ రెండో రాకకు కొన్నవాటి మొత్తాన్నీ వేరువేరుగా కూడండి. నా పుస్తకంలో రెండో గుంపు మొత్తం సున్నాకు కొంచెం కిందనే ఉండేది. అందువల్లే దానికి సగం పరిమాణం అనే నియమం వచ్చింది. మీ పుస్తకంలో ఆ మొత్తం ఇంకా కిందికి వస్తే, రెండో రాకను పూర్తిగా వదిలేసి, తర్వాతి ముప్పై వరుసలూ మొదటి రాకలతోనే నింపండి.